దుబాయా, సింగపూరా: ఉద్దానం నుంచి వెళ్లేవారు తేల్చుకోవలసిన తీరు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కంచిలి, కవిటి, సోంపేట వైపు ఏ వీధిలో నిలబడి అడిగినా ఒక్క ఇంటి కొడుకైనా సముద్రం దాటి ఉంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి చెట్లను, జీడి తోటలను పడగొట్టింది. మళ్లీ మొక్క నాటి అది కాపుకొచ్చేదాకా ఆగలేక పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినవారు నాకు తెలిసినవారిలోనే ఎందరో ఉన్నారు. నేను అంతకు ముందే వెళ్లినవాణ్ణి. పైపు ఫిట్టర్‌గా దుబాయ్‌లో ఆరేళ్లు, సింగపూర్‌లో నాలుగేళ్లు పనిచేసి ఇంటికి వచ్చేశాను. ఐటీఐ పూర్తిచేసిన పిల్లలు సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చి, “చిన్నాన్నా, దుబాయ్ వెళ్లమంటావా, సింగపూర్ వెళ్లమంటావా?” అని అడుగుతుంటారు.

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవారిని నమ్మకండి. చెప్పేవారు తమకు కలిసివచ్చిన ఊరి పేరు చెబుతారు, లేదా కమీషను ఎక్కువ వచ్చే ఊరి పేరు చెబుతారు. ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీకి మధ్యలో గీత గీసి ఎడమవైపు దుబాయ్ అని, కుడివైపు సింగపూర్ అని రాయండి. కింద చెప్పిన పనులు ఒక్కొక్కటి చేస్తూ రెండు వైపులా నింపండి. రెండు, మూడు వారాలు పడుతుంది. పట్టనివ్వండి. ఏజెంటు “రేపటిలోగా చెప్పాలి” అని తొందరపెడితే, ఆ తొందర అతనిదే గానీ మీది కాదు.

ముందుగా, మీకు వచ్చే కాగితం ఏదో కనుక్కోండి

ఊరు ఒక్కటే అయినా, చేతిలో ఉన్న వీసాను బట్టి మనిషికో రకంగా ఉంటుంది. సింగపూర్‌లో పనిచేసే విదేశీయులకు ప్రధానంగా మూడు రకాల అనుమతులు ఉన్నాయి. నిర్మాణం, షిప్‌యార్డు, ప్రాసెస్ ప్లాంటు పనులకు మన వైపు నుంచి వెళ్లేవారిలో ఎక్కువమందికి వచ్చేది వర్క్ పర్మిట్. దాని మీద భార్యాపిల్లలను తీసుకెళ్లి అక్కడ ఉంచుకోవడం కుదరదు. దానిపైన ఎస్ పాస్. 2025 సెప్టెంబరు నుంచి దానికి కనీస జీతం నెలకు 3,300 సింగపూర్ డాలర్లు. ఆపైన ఎంప్లాయ్‌మెంట్ పాస్. 2025 జనవరి నుంచి దానికి కనీస జీతం 5,600 డాలర్లతో మొదలవుతుంది, వయసు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. ఎస్ పాస్ అయినా, ఎంప్లాయ్‌మెంట్ పాస్ అయినా, కుటుంబాన్ని తీసుకెళ్లాలంటే స్థిరమైన నెల జీతం 6,000 డాలర్లు ఉండాలి.

దుబాయ్‌లో లెక్క వేరు. జీతం 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000 దిర్హమ్‌లతో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లు ఉంటే భార్యాపిల్లలకు మీరే స్పాన్సర్ కావచ్చు.

ఈ రెండు అంకెలను రూపాయల్లోకి మార్చి చూడండి. లెక్క కోసం దిర్హమ్‌ను 24 రూపాయలుగా, సింగపూర్ డాలర్‌ను 68 రూపాయలుగా అనుకుందాం. మీరు లెక్క వేసే రోజున అసలు రేటు చూసుకోండి. దుబాయ్‌లో సుమారు 96 వేల రూపాయల జీతంతో తెరుచుకునే తలుపు సింగపూర్‌లో నాలుగు లక్షలు దాటితే గానీ తెరుచుకోదు. మీ జీతం లక్ష దగ్గర ఉండి, భార్యను, పాపను వదిలి ఉండలేనని మీకు ముందే తెలిసి ఉంటే, నోటుబుక్కులో కుడివైపు ఇక నింపనవసరం లేదు. ఎంతోమంది ఈ ఒక్క సంగతి అక్కడికి వెళ్లాక తెలుసుకుని కుమిలిపోవడం నేను డార్మిటరీలో చూశాను.

పాస్‌పోర్టు కూడా తీసి చూడండి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు సాధారణంగా ఈసీఆర్ హోదా ఉంటుంది. అలాంటివారు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల జాబితాలో దుబాయ్ ఉన్న యూఏఈ ఉంది, సింగపూర్ లేదు. ఈ అనుమతిని చాలామంది అడ్డంకిగా చూస్తారు. నేను కాపలాగా చూస్తాను. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా వెళ్తే మీ ఒప్పందం ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా కూడా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామనే ఏజెంటు ఈ కాపలా మొత్తాన్ని మీ నుంచి లాగేసుకుంటున్నాడు.

తర్వాత బేసిక్ ఎంతో అడగండి, మొత్తం ఎంతో కాదు

నా మొదటి ప్రయాణంలో ఏజెంటు నోటితో చెప్పింది 1,800 దిర్హమ్‌లు. కాగితంలో ఉన్న బేసిక్, అంటే మూల జీతం, 700. మిగతాదంతా ఓటీ, అంటే అదనపు గంటల పని, చేస్తేనే. అప్పుడు నాకు ఆ తేడా అర్థం కాలేదు. ఆరేళ్ల తర్వాత తిరిగివచ్చేటప్పుడు అర్థమైంది.

యూఏఈ చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ గ్రాట్యుటీ ఇవ్వాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. ఆరేళ్లకు 135 రోజులు. 700 బేసిక్ మీద నాకు చేతికొచ్చింది 3,150 దిర్హమ్‌లు. నాతో పాటే అదే పని చేసిన మలయాళీ మిత్రుడు 1,200 బేసిక్ రాయించుకుని వచ్చాడు. అతనికి 5,400 వచ్చింది. ఆరేళ్లు ఒకే పైపు కింద పడుకుని బోల్టులు బిగించినవాళ్లం ఇద్దరమూ. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: బేసిక్ అంకె కాగితంలో చూడనిదే సంతకం పెట్టకండి.

సింగపూర్‌లో విదేశీ కార్మికుడికి చట్టం కట్టబెట్టే ఇలాంటి గ్రాట్యుటీ లేదు. అక్కడి భవిష్య నిధి కూడా విదేశీయులకు వర్తించదు. నెలనెలా వచ్చేదే మీది. దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. సింగపూర్‌లో ఉంది గానీ, ఏడాదిలో కనీసం 183 రోజులు అక్కడ ఉండి నివాసి లెక్కలోకి వచ్చినవారికి మొదటి 20,000 డాలర్ల మీద పన్ను లేదు కాబట్టి వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి అది పెద్ద బరువు కాదు.

ఇక ఓటీ. దుబాయ్‌లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మామూలు పని. దాటితే గంటకు బేసిక్ మీద పావు వంతు అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 వరకు అయితే సగం అదనం. సింగపూర్‌లో వారానికి 44 గంటలు, దాటితే ఒకటిన్నర రెట్లు, నెలకు ఓటీ 72 గంటలు దాటకూడదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఈ జీతాలు నేను లెక్క కోసం అనుకున్నవి. మీ కాగితంలో ఉన్నవి పెట్టుకుని మళ్లీ చేయండి. దుబాయ్‌లో బేసిక్ 1,200 దిర్హమ్‌లు అయితే గంటకు 5 దిర్హమ్‌లు పడుతుంది, ఓటీ గంటకు 6.25. నెలకు 60 గంటల ఓటీ చేస్తే 375. మొత్తం 1,575. ఉండడానికి చోటు కంపెనీది అనుకుని తిండికి, ఫోనుకు 400 తీసేస్తే 1,175 మిగులుతుంది. అంటే 28,200 రూపాయలు.

సింగపూర్‌లో బేసిక్ 800 డాలర్లు అయితే ఏడాది జీతాన్ని 52 వారాలకు, వారానికి 44 గంటలకు పంచితే గంటకు 4.20 దగ్గర పడుతుంది. ఓటీ గంటకు 6.29. అవే 60 గంటలకు 377. మొత్తం 1,177. తిండికి, ఫోనుకు 250 పోతే 927 డాలర్లు. అంటే 63 వేల రూపాయలు.

ఇక్కడితో లెక్క ఆపేస్తే సింగపూర్ గెలిచింది. మన పిల్లలు చాలామంది ఇక్కడే ఆపేస్తారు.

అప్పు ఎన్నో నెలకు తీరుతుందో లెక్క వేయండి

నా దృష్టిలో రెండు నగరాలను పోల్చడానికి ఇంతకు మించిన కొలత లేదు. నెల జీతం గొప్ప చెప్పుకోవడానికి పనికొస్తుంది. అప్పు తీరే నెలే మీరు అక్కడ ఎంత ధైర్యంగా ఉండగలరో చెబుతుంది. అప్పున్నవాడు ఫోర్‌మన్ ఎంత మాటన్నా పడతాడు, జ్వరమొచ్చినా పనికి వెళ్తాడు, చెడ్డ కంపెనీ నుంచి బయటపడలేడు.

భారత ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. యూఏఈ చట్టం నియామక ఖర్చులను కార్మికుడి మీద వేయనే కూడదంటుంది. అయినా ఊళ్లలో ఎంత అడుగుతున్నారో మీకూ తెలుసు. సింగపూర్ వర్క్ పర్మిట్ అంటే నైపుణ్య పరీక్షకు శిక్షణ అని, పరీక్ష అని, ఇంకొకటని లక్షల్లోకి తీసుకెళ్తారు. సింగపూర్‌కు 3 లక్షలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. అప్పు తీరేదాకా వడ్డీ మొదట తెచ్చిన మొత్తం మీదే కట్టాలనుకుందాం. దుబాయ్‌కు చట్టబద్ధమైన 35,400 మాత్రమే, అదే వడ్డీకి. రెండు చోట్ల నుంచీ ఇంటి ఖర్చులకు నెలకు 20,000 పంపాలి.

దుబాయ్‌లో 28,200లో ఇంటికి 20,000, వడ్డీకి 700 పోతే ఏడున్నర వేలు అసలుకు కట్టవచ్చు. ఐదో నెలకు అప్పు తీరుతుంది. సింగపూర్‌లో 63,000లో ఇంటికి 20,000, వడ్డీకి 6,000 పోతే 37,000 అసలుకు. అప్పు తీరేది తొమ్మిదో నెలలో.

ఏడాది పూర్తయ్యేసరికి సింగపూర్ మనిషి చేతిలో లక్షన్నర పైన ఉంటుంది, దుబాయ్ మనిషి చేతిలో అరవై వేల లోపు. కాబట్టి పని ఆగకుండా సాగితే సింగపూరే మేలు. నేనూ ఒప్పుకుంటాను. ప్రాజెక్టు ఐదో నెలలో ఆగిపోయి కంపెనీ పర్మిట్ రద్దు చేస్తే? దుబాయ్ మనిషి అప్పు లేకుండా విశాఖలో దిగుతాడు. సింగపూర్ మనిషి లక్ష రూపాయలకు పైగా అప్పుతో దిగుతాడు. వర్క్ పర్మిట్ రెండేళ్లకు ఇచ్చినా, కంపెనీ దాన్ని మధ్యలో రద్దు చేయగలదన్న సంగతి మరిచిపోకండి.

మీ ఇంట్లో అలాంటి దెబ్బకు తట్టుకునే శక్తి ఉందా? రెండెకరాల కొబ్బరి తోట కాపు మీద ఉండి, తమ్ముడు సంపాదిస్తూ ఉంటే తట్టుకోవచ్చు. చెల్లెలి పెళ్లి వచ్చే మాఘమాసంలో పెట్టుకుని, పొలం కాగితాలు తాకట్టులో ఉంటే తట్టుకోలేరు. అప్పుడు తక్కువ జీతమైనా తక్కువ అప్పున్న ఊరే మీ ఊరు. ఈ తీర్పు మీ ఇంటి వాళ్లతో కలిసి కూర్చుని ఇవ్వాలి, ముఖ్యంగా వడ్డీ కట్టడానికి గడప దాటి వెళ్లవలసిన మీ అమ్మతో, మీ ఆవిడతో.

ఒంటిని పరీక్ష చేయించుకోండి

ఉద్దానం వాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఎండలో గంటల తరబడి చాకిరీ చేయడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా పరిశోధకులు అనుమానించే కారణాల్లో ఉన్నాయి. అలాంటి నేల నుంచి వెళ్లి వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట పైపులు మోయబోతున్నామని గుర్తుంచుకోండి.

వీసా కోసం చేసే వైద్య పరీక్ష ముఖ్యంగా క్షయ, హెచ్ఐవీ లాంటి అంటువ్యాధుల కోసం. అందులో పాసయ్యామంటే కిడ్నీలు బాగున్నాయని కాదు. డబ్బు కట్టక ముందే కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది. క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా ఉందని తేలితే దాచిపెట్టి వెళ్లకండి. డాక్టరుతో మాట్లాడండి. నీడపట్టున చేసే పని ఉంటేనే వెళ్లండి, లేకపోతే ఈ ఏటికి ఆగండి. మా పక్క వీధి కుర్రవాడొకడు రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లి పద్నాలుగో నెలలో ఒళ్లంతా వాచి తిరిగొచ్చాడు. వెళ్లేముందు ఒక్క రక్త పరీక్ష చేయించుకుని ఉంటే అని వాళ్ల అమ్మ ఇప్పటికీ నాతో అంటుంది.

ఎండ విషయంలో రెండు ఊళ్ల తీరూ వేరు. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా బయట ఎండలో పని చేయించకూడదు. ఆ మూడు నెలలు భరిస్తే డిసెంబరు, జనవరి హాయిగా ఉంటాయి. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర. ఏడాది పొడవునా ఒకటే ఉక్క, మన భాద్రపదం లాగా. అయితే ఎండ మాడ్చదు, వాన తరచుగా పడుతుంది. అక్కడ వేడిని, తేమను, ఎండను కలిపి ఒక సూచికతో కొలుస్తారు. అది 32 డిగ్రీలు దాటితే బరువు పనులు చేసేవారికి గంటకు కనీసం 10 నిమిషాలు, 33 దాటితే 15 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి.

ఏ ఊరైనా సరే, ఒళ్లు నొప్పులకు రోజూ నొప్పి మాత్రలు మింగే అలవాటు మానండి. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. క్యాంపుల్లో ఆ మాత్రలు చేతులు మారుతూ ఉంటాయి.

ఏజెంటును, ఆఫరును మీరే సరిచూసుకోండి

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన ముఠా గుర్తుంది కదా. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, మన ఉత్తరాంధ్ర పిల్లలను కంబోడియాకు తరలించి వాళ్ల చేత సైబర్ మోసాలు చేయించారు. సింగపూర్ అన్న పేరు వింటేనే నమ్మకం కలుగుతుంది కాబట్టే ఆ పేరు వాడుకున్నారు. టికెట్టు మీద దిగే ఊరు బ్యాంకాక్ అనో, మరొకటనో ఉంటే, “అక్కణ్నుంచి తీసుకెళ్తాం” అంటే, విమానం ఎక్కకండి. కట్టిన డబ్బు పోయినా సరే.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అందులో పేరు లేనివాడు ఎంత దగ్గరి చుట్టమైనా సబ్ ఏజెంటే. అతని మాటలు నీటి మూటలు.

సింగపూర్‌కు అయితే ఐపీఏ అనే ముందస్తు అనుమతి పత్రం వస్తుంది. బేసిక్, అలవెన్సులు, కోతలు అన్నీ అందులో విడివిడిగా ఉంటాయి. ఆ పత్రం అసలుదో నకిలీదో సింగపూర్ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అక్కడికి వెళ్లాక ఎస్‌జీ వర్క్‌పాస్ అనే యాప్‌లో మీ పర్మిట్ స్థితి కనిపిస్తుంది. మీ రాతపూర్వక అంగీకారం లేకుండా ఐపీఏలో ఉన్న జీతాన్ని తగ్గించకూడదు. ప్రతి విదేశీ కార్మికుడికి కంపెనీ ప్రభుత్వానికి కట్టే లెవీని మీ జీతంలోంచి కోయడం చట్టవిరుద్ధం. ఈ రెండు సంగతులూ తెలియక నష్టపోయినవారు ఎక్కువ.

దుబాయ్‌కు అయితే అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ నమూనాలో ఉన్న ఆఫర్ లెటర్ మీద మీరు ఇక్కడే సంతకం పెట్టాలి. తర్వాత అక్కడ పెట్టే కాంట్రాక్టు దానికి సరిపోవాలి. జీతం బ్యాంకు ద్వారా రావాలి, అక్కడ ఆ పద్ధతి 2009 నుంచే ఉంది. పాస్‌పోర్టు కంపెనీ తన దగ్గర పెట్టుకోవడం ఏ ఊళ్లోనూ న్యాయం కాదు. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు.

ఎక్కడైనా చిక్కుల్లో పడితే ప్రవాసాంధ్రుల కోసం ఉన్న, రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఏపీ ఎన్ఆర్టీ సొసైటీకి రాత్రింబగళ్లు పనిచేసే హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు ఇంట్లో గోడ మీద రాసి ఉంచండి.

చదువుకున్నవారు, కుటుంబంతో వెళ్లేవారు చూడవలసినవి

నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లుగా వెళ్లేవారికి పిల్లల చదువే అన్నిటికంటే బరువైన లెక్క. దుబాయ్‌లో సీబీఎస్ఈ బడులు చాలా ఉన్నాయి. ఫీజులు బడిని బట్టి బాగా మారతాయి. పాపను తొమ్మిదో తరగతిలో తిరిగి శ్రీకాకుళం తీసుకొచ్చినా చదువు అతుకుతుంది. సింగపూర్ ప్రభుత్వ బడుల్లో విదేశీ పిల్లలు సాధారణంగా ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజు అక్కడివారి కంటే ఎక్కువ, సీటు ఖాయం కాదు. భారతీయ పద్ధతి బడులు ప్రైవేటువి. తమిళం అక్కడి అధికార భాషల్లో ఒకటి, బడుల్లో నేర్పుతారు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా రెండో భాషగా తీసుకోవచ్చు. తెలుగు లేదు. రెండు ఊళ్లలోనూ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పవలసింది మీరే.

స్థిరపడాలనుకుంటే సింగపూర్‌లో శాశ్వత నివాసానికి దారి ఉంది. అయితే తల్లిదండ్రులతో పాటు ఆ హోదా పొందిన మగపిల్లలు పెద్దయ్యాక జాతీయ సైనిక సేవ చేయాలి. ఈ మాట ముందే ఇంట్లో చర్చించుకోండి. దుబాయ్‌లో మామూలు ఉద్యోగికి అలాంటి దారి లేదు. ఉద్యోగం ఉన్నంతకాలమే నివాసం.

దుబాయ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఏడాది అద్దెను కొన్ని చెక్కులుగా ముందే ఇవ్వమంటారు. చేరిన మొదటి నెలలోనే పెద్ద మొత్తం కావాలి. పెళ్లి, పుట్టుక ధ్రువపత్రాలకు యూఏఈ ఎంబసీ ముద్ర వేయించాలి. సింగపూర్‌కు అపోస్టిల్, అంటే మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర, సరిపోతుంది.

చిన్నవిగా కనిపించే నాలుగు సంగతులు

యూఏఈలో వాట్సాప్‌లో మెసేజీలు వెళ్తాయి గానీ మాట్లాడే కాల్స్ సాధారణంగా పనిచేయవు. బోటిమ్ లాంటి అక్కడ అనుమతి ఉన్న యాప్‌ను అమ్మ ఫోనులో ముందే వేసి నేర్పించి వెళ్లండి. నేను వెళ్లిన కొత్తలో మూడు వారాలు మా అమ్మ ముఖం చూడలేకపోయాను. సింగపూర్‌లో ఈ ఇబ్బంది లేదు. సమయం చూస్తే, మన రాత్రి 9 గంటలకు దుబాయ్‌లో 7.30, సింగపూర్‌లో 11.30. డ్యూటీ దిగి వచ్చి పిల్లలు పడుకోకముందు మాట్లాడడం ఒక చోట సులువు, ఇంకో చోట కష్టం.

సెలవులు. దుబాయ్‌లో ఏడాది నిండితే ఏటా 30 రోజుల జీతంతో కూడిన సెలవు. సింగపూర్‌లో మొదటి ఏడాది 7 రోజులు, తర్వాత ఏటా ఒకటి చొప్పున పెరిగి 14 దాకా. సంక్రాంతికో, సిరిమానోత్సవానికో నెల రోజులు ఇంట్లో ఉండాలనుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు. అయితే విశాఖ నుంచి సింగపూర్‌కు నేరు విమానంలో నాలుగు గంటల ప్రయాణమే. వెళ్లే నెలలో ఏ విమానాలు నడుస్తున్నాయో చూసుకోండి.

సామానులో గసగసాలు పెట్టకండి. రెండు దేశాల్లోనూ అవి నిషిద్ధం. అమ్మ కట్టిన మసాలా పొడిలో కలిసి ఉన్నా ప్రమాదమే. కోడైన్, ట్రమడాల్ ఉన్న మందులు యూఏఈకి ముందస్తు అనుమతి లేకుండా పట్టుకెళ్లకూడదు. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ తీసుకెళ్లకండి. “మా తమ్ముడికి ఇవ్వు” అని ఎవరైనా ఇచ్చే పొట్లం విప్పి చూడనిదే పెట్టెలో పెట్టకండి. మాదకద్రవ్యాల రవాణాకు సింగపూర్‌లో ఉరిశిక్ష ఉంది.

గుడి గురించి చాలామంది అడుగుతారు. సింగపూర్‌లో 1827 నాటి మారియమ్మన్ గుడి, సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉన్నాయి. దీపావళి అక్కడ ప్రభుత్వ సెలవు. దుబాయ్‌లో జెబెల్ అలీలో 2022లో పెద్ద గుడి తెరిచారు. వారం వారం గుడికి వెళ్లగలిగితే మనసు కుదుటపడుతుంది, నాకు అది రెండు ఊళ్లలోనూ దొరికింది.

అక్కడ ఉన్నవారితో మాట్లాడండి, కానీ సరైన ప్రశ్నలు అడగండి

“బాగుందా?” అని అడిగితే “బాగుంది” అనే అంటారు. సెలవు మీద ఊరికి వచ్చినవారిని ఎవరు అడిగినా కొత్త ఫోను చూపిస్తారు. నేనూ అలాగే చూపించాను. మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీలోనే పనిచేసే మనిషిని వెతకండి. వాళ్ల ఊరు మందస అయినా, బొబ్బిలి అయినా వెళ్లి కలవండి. పోయిన నెల జీతం ఏ తేదీన వచ్చింది? గదిలో ఎంతమంది ఉంటారు? క్యాంపు నుంచి సైటుకు బస్సులో ఎంతసేపు? జ్వరమొస్తే ఆ రోజు జీతం కోస్తారా? పోయిన ఏడాది ఎంతమందిని మధ్యలో పంపేశారు? మెస్‌లో వండేది ఎవరు? వీలైతే జీతం చీటీ ఒక్కటి చూపించమనండి. మూడు నెలల చీటీలు చూస్తే ఓటీ నిజంగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఓటీ లేకపోతే మనం పైన వేసిన లెక్క మొత్తం మారుతుంది, రెండు వైపులా మళ్లీ వేయండి.

నోటుబుక్కు ఇంట్లో వదిలి వెళ్లండి

తేల్చుకున్నాక ఆ నోటుబుక్కులోనే కొత్త పేజీ తీసి ఇవన్నీ రాయండి: పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పూర్తి పేరు, అక్కడి చిరునామా, ఆఫర్ లెటర్ లేదా ఐపీఏ నకలు, ఏజెంటు లైసెన్సు నంబరు, ఎవరికి ఏ తేదీన ఎంత ఇచ్చారో ఆ రసీదులు, బీమా పాలసీ నంబరు. ఏజెంటు రసీదు ఇవ్వనంటే డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. అప్పు తీరవలసిన నెలను ఎర్ర సిరాతో రాయండి.

మొదటి జీతం చీటీ రాగానే ఫొటో తీసి ఇంటికి పంపండి. అందులోని బేసిక్‌ను ఆఫర్‌లో ఉన్న అంకెతో మీ ఆవిడ పోల్చి చూడాలి. తేడా ఉంటే ఆ వారంలోనే కంపెనీలో అడగండి. జవాబు రాకపోతే దుబాయ్‌లో అయినా, సింగపూర్‌లో అయినా అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి. నేను ఆరేళ్ల తర్వాత అడిగాను. అప్పటికి ఆ కాగితం మీద నా సంతకం ఉంది.